తొలిచూలు కాన్పు: హైదరాబాద్‌లోనా, అమ్మ వాళ్ల ఊళ్లోనా? 30 వారాలొచ్చాయి, ఇంకా తేలట్లేదు

పాలకొండ_పిల్ల:

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి, కొంచెం పెద్ద పోస్టే, ఏమనుకోకండి.

నాకిప్పుడు 30 వారాలు, డ్యూ డేట్ డిసెంబర్ 18. మేం ఉండేది మియాపూర్‌లో, ఇద్దరం ఉద్యోగాలే. మా ఆయనకి షిఫ్టులు, వారంలో మూడు రాత్రులు ఆఫీసులోనే ఉంటాడు. అత్తయ్యగారు లేరు, రెండేళ్ల క్రితం పోయారు. మామయ్యగారు మాతోనే ఉంటారు కానీ ఆయన్నే ఒకరు చూసుకోవాలి. అమ్మ వాళ్లది పాలకొండ దగ్గర పల్లెటూరు, ఆమదాలవలసలో రైలు దిగి బస్సు ఎక్కి మళ్లీ ఆటో ఎక్కాలి.

అమ్మ ఒకటే మాట, తొలిచూలు కాన్పు పుట్టింట్లోనే అవ్వాలి, లేకపోతే ఊళ్లో తలెత్తుకోలేం అని. అసలు ఏడో నెలలోనే సీమంతం చేసి తీసుకెళ్లిపోదామనుకున్నారు, నేనే లీవు లేదని ఆపాను. మా ఊళ్లో పీహెచ్‌సీ మూడు కిలోమీటర్లు, నార్మల్ అయితే అక్కడ చేస్తారు, ఆపరేషన్ అంటే పాలకొండ గానీ శ్రీకాకుళం గానీ పరిగెత్తాలి. పోనీ అమ్మనే ఇక్కడికి రమ్మంటే డిసెంబర్ అంటే వరికోతలు, నూర్పులు, ఇంట్లో రెండు గేదెలు, అందులో ఒకటి ఈనడానికి సిద్ధంగా ఉంది. అమ్మ ఫోన్‌లో "నీకూ దానికీ ఒకేపాలి పడిందే" అని నవ్వుతుంది, నాకేమో ఏడుపొస్తుంది.

ఇక్కడ చూపించుకుంటున్న హాస్పిటల్ కంపెనీ ఇన్సూరెన్స్ లిస్టులో ఉంది. నార్మల్‌కి డెబ్బై ఐదు వేలు, సిజేరియన్‌కి లక్షా ముప్పై అని ప్యాకేజీ కాగితం ఇచ్చారు, ఇన్సూరెన్స్‌లో డెలివరీకి యాభై వేలే లిమిట్. మా ఫ్లోర్‌లో ముగ్గురు అక్కడే కన్నారు, ముగ్గురికీ సిజేరియనే. మొన్న స్కాన్‌లో పేగు మెడకి ఒక చుట్టు ఉందన్నారు, డాక్టరమ్మ "చూద్దాంలే" అన్నారు, ఆ చూద్దాం అన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. హిమోగ్లోబిన్ 9.8, షుగర్ బానే ఉంది, బీపీ బానే ఉంది. బ్లడ్ గ్రూప్ బి నెగెటివ్.

ఇంకో గొడవ ఏంటంటే పుట్టకముందు ఏమీ కొనకూడదని అమ్మ ఒట్టు వేయించుకుంది. చిన్న టోపీ కూడా కొనలేదు. డిసెంబర్ చలిలో బిడ్డని దేంట్లో చుట్టాలి అసలు?

మీరైతే ఏం చేస్తారు? తిట్టకుండా చెప్పండి ప్లీజ్.


ఉల్లిదోశ:

తిట్టడానికేముంది అమ్మా, అందరం ఈ మెట్టు ఎక్కినవాళ్లమే. నాది 2021లో పుట్టింట్లోనే అయింది, విజయవాడకి గంటన్నర దూరంలో చిన్న టౌను. అమ్మ చేతి ముద్ద, నాన్న రోజూ తెచ్చే కొబ్బరి బోండాం, ఆ సుఖం చెప్పలేను. కానీ నొప్పులు మొదలై పన్నెండు గంటలైనా బిడ్డ దిగలేదు, గుండె చప్పుడు తగ్గుతోందన్నారు, ఆపరేషన్ చెయ్యాలి అన్నారు, సరే చెయ్యండి అంటే మత్తు డాక్టరు లేరు. ఆ నర్సింగ్ హోమ్‌కి మత్తు డాక్టరు వేరే ఊరి నుంచి ఫోన్ చేస్తే వస్తారంట! యాభై నిమిషాలు పట్టింది. ఆ యాభై నిమిషాలు మా అమ్మ వరండాలో నేల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిందని తర్వాత మా తమ్ముడు చెప్పాడు. దేవుడి దయ, పాప బానే ఉంది, ఇప్పుడు నా బుర్ర తింటోంది.

అందుకని ఎక్కడైనా సరే వెళ్లి ఈ ఒక్క ముక్క అడగండి, రాత్రి రెండింటికి ఆపరేషన్ పడితే మత్తు డాక్టరు బిల్డింగ్‌లోనే ఉంటారా, పిలిస్తే వస్తారా. పిలిస్తే వస్తారు అంటే ఎంతసేపట్లో. రిసెప్షన్‌లో అమ్మాయి "అన్నీ ఉన్నాయండి" అంటుంది, వినకండి, లేబర్ రూమ్ సిస్టర్‌ని అడగండి.


కందిపొడి:

ఏంటోనండి ఈ రోజుల్లో కాన్పంటే పెద్ద యుద్ధం చేసేశారు. మా నాయనమ్మ ఏడుగురిని ఇంట్లోనే కన్నది, మంత్రసాని వచ్చి పురుడు పోసేది, పొద్దున కని సాయంత్రానికి పొయ్యి దగ్గర కూర్చునేదంట. స్కాన్లు లేవు, ప్యాకేజీలు లేవు. హాస్పిటల్ వాళ్లు భయపెట్టి కోసేస్తున్నారు, అంతే.


నైట్‌డ్యూటీ_అక్క:

నేను సర్కారు దవాఖానల స్టాఫ్ నర్సుగ చేస్తున్న, పదకొండేండ్లు లేబర్ రూమ్ల్నే. జర పెద్దగ రాస్త, ఓపికతోని చదువు చెల్లె.

ముందుగాల కందిపొడి గారికి. మీ నాయనమ్మ ఏడుగురిని కన్నది అంటున్నరు గదా, ఎంతమందిని కన్నదో, ఎంతమంది మిగిలిన్రో రెండూ అడగున్రి. కోసుడు ఎక్కువైందన్న మాట మాత్రం నేను కాదన. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణల నూటికి 60 మందికి పెద్దాపరేషనే అయింది, ప్రైవేటుల అయితే నూటికి 81. ఆంధ్రల మొత్తం మీద 42, ప్రైవేటుల 63. అన్నీ అవసరమై చేసినయే అంటే నేనే నమ్మ. అట్లని అవసరమున్న దగ్గర చెయ్యకపోతే ఏమైతదో కూడ నేను కండ్లతోని చూసిన.

ఇగ చెల్లె, నీ పోస్టుల అందరు ఊరి సంగతి చూస్తున్నరు, నేను ఒక్క మాట కాడ ఆగిపోయిన. బి నెగెటివ్ అంటున్నవ్. మీ ఆయనది ఏం గ్రూపు? పాజిటివ్ అయితే 28 వారాలకు యాంటీ-డి ఇంజక్షన్ ఏసుకున్నవా? దానికి ముందు ఐసీటీ అని ఒక రక్త పరీక్ష చేస్తరు, చేసిన్రా? నీ ఫైల్ తీసి చూడు, లేకపోతే రేపే పోయి అడుగు. ఎందుకంటే బిడ్డది పాజిటివ్ అయితే ఆ బిడ్డ రక్తం నీ రక్తంల కలిసినప్పుడు నీ ఒళ్లు దాని మీద పోరాడే పదార్థం తయారు చేస్కుంటది. ఈ కాన్పుకు మామూలుగ ఏం కాదు, రెండో బిడ్డకు కష్టమైతది, కడుపులనే రక్తం విరిగిపోతది. ఆ ఇంజక్షన్ దాన్ని ఆపుతది. కాన్పైనంక బిడ్డ గ్రూపు చూసి పాజిటివ్ వస్తే 72 గంటల్ల ఇంకొకటి ఏస్తరు. ఇది మర్చిపోయే ముచ్చట కాదు.

రెండోది, నెగెటివ్ వాళ్లకు రక్తం అవసరం పడితే నెగెటివే ఎక్కించాలె, అది దొరుకుడు కష్టం. కాన్పైనంక రక్తం ఆగకుండ పోతే మనకు గంటలుండయ్, నిమిషాలే. హిమోగ్లోబిన్ 9.8 అంటే 11 ఉండాల్సిన కాడ తక్కువున్నది, తక్కువున్నోళ్లకు కొంచెం పోయినా తట్టుకోరు. అందుకని బ్లడ్ బ్యాంకు దగ్గర ఉన్న జాగ నీకు కావాలె. మూడు కిలోమీటర్ల పీహెచ్‌సీల మంచి సిస్టర్ ఉండొచ్చు, నాకంటే మంచిగ చేస్తది కావచ్చు, ఆమె దగ్గర బి నెగెటివ్ రక్తం ఉండది గదా.

పేగు మెడకు చుట్టుకున్నదని భయపడకు. నలుగురిల ఒక బిడ్డకు అట్ల ఉంటది, మేము రోజూ చూస్తం, తల బయటికి రాంగనే వేలితోని తీసి పక్కకు పెడ్తం. అదొక్కటే చూపెట్టి ఎవరన్నా ఆపరేషన్ అంటే ఇంకో డాక్టర్ను అడుగు. బిడ్డ కదలికలు మాత్రం రోజూ చూస్కో. తిన్నంక ఎడమ పక్కకు ఒరిగి పండుకో, రెండు గంటల్ల పది సార్లు కదలాలె. తగ్గినయనిపిస్తే తెల్లారేదాకా ఆగకు. ఐరన్ గోలీ టీతోని, పాలతోని ఏస్కోకు, ఒంటికి పట్టది. నిమ్మకాయ నీళ్లతోని ఏస్కో.


పాలకొండ_పిల్ల:

అక్కా, ఫైల్ మొత్తం తీసి చూశాను, ఎక్కడా లేదు! మా ఆయనది ఓ పాజిటివ్. 28 వారాలప్పుడు మా డాక్టరమ్మ లీవులో ఉన్నారు, వేరే ఆవిడ చూశారు, ఆవిడ షుగర్ టెస్ట్ రాసి పంపించేశారు. ఇప్పుడు వేసుకుంటే పనికొస్తుందా? లేట్ అయిపోయిందా?


నైట్‌డ్యూటీ_అక్క:

పనికొస్తది, భయపడకు. రేపు పొద్దుగాల పో. పరీక్ష నెగెటివ్ వస్తే ఏస్తరు. ఆ ఇంజక్షన్ ఫ్రిజ్‌ల ఉండాల్సింది, బయట మెడికల్ షాపుల కొనుక్కురమ్మంటే ఐస్ డబ్బాల పెట్టియ్యమను.


బాబు_వాళ్ళ_నాన్న:

నేను మగాణ్ణి, నాకు ఈ విషయాల్లో అనుభవం కాగితాల వరకే, కానీ ఆ కాగితాల్లోనే నా తల ప్రాణం తోకకొచ్చింది కాబట్టి చెప్తున్నా.

బిడ్డ ఎక్కడ పుడితే బర్త్ సర్టిఫికెట్ అక్కడే వస్తుంది, మీ ఆధార్ అడ్రస్ ఎక్కడున్నా సరే. 21 రోజుల్లోపు రిజిస్టర్ అయితే ఫీజు ఉండదు. హాస్పిటల్ వాళ్లే పంపిస్తారు, కానీ వాళ్లు పెట్టే ఫారంలో మీ ఇద్దరి పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉన్నాయో లేదో మీ ఆయన్ని దగ్గర నిలబడి చూడమనండి. మా వాడిది పుట్టింటి దగ్గర అయింది, నా ఇంటిపేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది, దాన్ని దిద్దించడానికి హైదరాబాద్ నుంచి ఆ ఊరికి నాలుగు ట్రిప్పులు కొట్టాను, ఒకసారి సార్ భోజనానికెళ్లారు, ఒకసారి సర్వర్ డౌన్. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకి స్కూల్‌కైనా పాస్‌పోర్ట్‌కైనా పుట్టిన తేదీకి ఇదే ఆధారం, ఇదివరకట్లా పదో తరగతి మార్కుల లిస్టు చూపిస్తే కుదరదు. పేరు పెట్టలేదని ఆగకండి, పేరు లేకుండా రిజిస్టర్ చేయించి తర్వాత చేర్చుకోవచ్చు.

లీవు సంగతి. చట్టం ప్రకారం 26 వారాలు, అందులో కాన్పుకి ముందు 8 వారాలకి మించి వాడుకోకూడదు. ముందు ఎంత వాడితే తర్వాత అంత తగ్గుతుంది, అది లెక్కేసుకోండి. ఇన్సూరెన్స్ మీ ఊరి వైపు ఏ హాస్పిటల్లో నడుస్తుందో హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో వద్దు. బిడ్డని పాలసీలో ఎన్ని రోజుల్లో చేర్పించాలో కూడా అదే మెయిల్‌లో అడిగేయండి.

మా అత్తగారు పంతులు గారి దగ్గర ముహూర్తం పెట్టించి 37 వారాలకే తీసేయమన్నారు, డాక్టర్ ఒప్పుకోలేదు, 39 నిండకుండా ఊరికే తీస్తే ఊపిరి ఇబ్బంది వస్తుందన్నారు. ఆ డాక్టరు గారికి ఇప్పటికీ ఉగాదికి మామిడిపళ్లు పంపిస్తా, ఉగాదికి మంచి పళ్లు రావని మా ఆవిడ గోల.


మాధవధార_వాసి:

చెల్లీ, అందరూ హైదరాబాదా పల్లెటూరా అని రెండే దారులు చూస్తున్నారు. మధ్యలో వైజాగ్ లేదా? మీ వాళ్లు ఎవరూ లేరా ఇక్కడ? పాలకొండ నుంచి వైజాగ్ బస్సు మూడు మూడున్నర గంటలు, మీ అమ్మగారు పొద్దున గేదె పాలు పితికి బయల్దేరితే మధ్యాహ్నానికి ఇక్కడుంటారు. పెద్ద హాస్పిటళ్లున్నాయి, బ్లడ్ బ్యాంకులున్నాయి, గవర్నమెంట్ అంటే కేజీహెచ్, ఘోషా హాస్పిటల్ ఉన్నాయి. మా వదినది రెండు కాన్పులూ ఘోషాలోనే, రష్ ఎక్కువే, మంచం కోసం మాట పడాలి, కానీ రెండూ నార్మలే, ఖర్చు ఏమీ లేదు. గవర్నమెంట్‌లో 2011 నుంచి కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం అన్నీ ఫ్రీ, ఇంటి దగ్గర దింపే బండి కూడా ఫ్రీ. ఆ బండి అడిగి ఎక్కండి, అడక్కపోతే ఎవరూ చెప్పరు.

నాకనిపించేది ఏంటంటే కాన్పు ఎక్కడ, పురుడు ఎక్కడ అన్నవి రెండు వేరే ప్రశ్నలు. మన పెద్దవాళ్లకి రెండూ ఒకటే ఇంట్లో జరిగేవి కాబట్టి వాళ్లు ఒకటే ప్రశ్న అనుకుంటారు. కాన్పుకి కావాల్సింది డాక్టరు, రక్తం, ఆపరేషన్ థియేటర్. ఆ తర్వాత నెలన్నర కావాల్సింది అమ్మ. కాన్పు వైజాగ్‌లో చేసుకుని, పదకొండో రోజు పురుడు అయ్యాక ఊరెళ్లిపోండి, అప్పటికి కోతలూ ఒక కొలిక్కి వస్తాయి.


పాలకొండ_పిల్ల:

అన్నయ్యా ఇది నాకు తట్టనేలేదు. మా పెద్దమ్మ వాళ్లు గోపాలపట్నంలో ఉంటారు. పెదనాన్న రిటైర్ అయ్యారు, పిల్లలు బెంగళూరు, ఇల్లు ఖాళీయే. కానీ పెద్దమ్మకీ అమ్మకీ పొలం గట్టు దగ్గర మాటా మాటా వచ్చి మూడేళ్ల నుంచి అంతంత మాత్రం. అడగాలంటే మొహమాటం. చూస్తాను.


ఫ్రిస్కో_అమ్మాయి:

మాకు టెక్సాస్‌లో ఈ చర్చే లేదు, ఇన్సూరెన్స్ ఏ హాస్పిటల్ అంటే అదే. చర్చంతా అమ్మ వీసా గురించే. అమ్మ దిగిన నాలుగో రోజుకి నాకు నొప్పులు, ఆవిడింకా జెట్‌లాగ్‌లో పగలు నిద్ర రాత్రి మెలకువ, బిడ్డా అంతే, వాళ్లిద్దరికీ భలే కుదిరింది. నార్మల్ అయితే రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు, కారులో బేబీ సీటు లేకపోతే బయటికే వదలరు. బస్సులో మూడు గంటల దూరంలో అమ్మ అంటే నాకు కుళ్లొచ్చింది, నిజం. మీ పెద్దమ్మని అడిగేయండి.


ఉల్లిదోశ:

పెద్దమ్మని మీరు అడగకండి, మీ అమ్మ చేత అడిగించండి. కడుపుతో ఉన్న పిల్ల పేరు చెప్పి మాట కలుపుకోడానికి ఇద్దరికీ ఓ వంక దొరుకుతుంది. మా ఇంట్లో అలా కలిసినవాళ్లు ఉన్నారు, బారసాలకి ఒకరి పక్కన ఒకరు కూర్చుని కంది పచ్చడి వడ్డించారు.

సామాన్ల గురించి ఎవరూ చెప్పలేదు కదా. మీ అమ్మ సెంటిమెంట్ కాదనకండి, కొనాల్సినవి చాలా తక్కువ నిజంగా. మెత్తగా నలిగిన పాత కాటన్ చీరలు అన్నిటికంటే మంచివి, వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేసి చింపి పెట్టుకుంటే గుడ్డలు అవే, పక్క అదే, బొంత అదే. షాపులో ఆ గులాబీ రంగు సెట్లు కొంటే ఉతకంగానే గరుగ్గా అయిపోతాయి. నేను ఇరవై జతలు కొన్నాను, ఆరు కూడా వెయ్యలేదు, నెల తిరక్కుండానే బిగుతైపోయాయి. హాస్పిటల్ సంచిలో మీకు ముందు వైపు విప్పే నైటీలు మూడు, పెద్ద ప్యాడ్‌లు, పొడుగు వైరున్న చార్జర్. ప్లగ్గు మంచానికి ఎప్పుడూ దూరమే ఉంటుంది, ఎందుకో తెలీదు.


నైట్‌డ్యూటీ_అక్క:

వైజాగ్ ముచ్చట మంచిగున్నది. పోయేదుంటే 34 వారాల లోపల పో, కొత్త డాక్టర్ నిన్ను రెండు మూడు సార్లన్నా చూడాలె. ఆఖరి నెలల ఫైల్ పట్టుకుని పోతే వాళ్లకు నువ్వు తెల్వవు. రిపోర్టులన్నీ, స్కాన్లన్నీ, తల్లీబిడ్డ కార్డు, అన్నీ ఒక సంచిల. యాంటీ-డి ఎప్పుడు ఏసిన్రో తేదీతోని రాయించుకో. ఫైల్ మీద ఎర్ర పెన్నుతోని బి నెగెటివ్ అని పెద్దగ రాయి, సిగ్గు పడకు. బంధువులల్ల బి నెగెటివ్, ఓ నెగెటివ్ ఉన్నోళ్లెవరో ఇప్పుడే అడిగి నంబర్లు పెట్టుకోండ్రి.

ఎప్పుడు దవాఖానకు పోవాలె అని అందరడుగుతరు. దొంగ నొప్పులైతే నడిస్తే, పండుకుంటే తగ్గుతయ్. నిజం నొప్పులు తగ్గయ్, దగ్గర దగ్గరకు వస్తయ్. అయిదు నిమిషాలకొకటి, ఒక్కొక్కటి నిమిషం సేపు, గంట నుంచి అట్లనే ఉన్నదంటే బయల్దేరు. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకున్నా పోవాలె, ఆకుపచ్చగున్నదంటే ఉరుకుడే. రక్తం కనపడ్డా, తలనొప్పి వచ్చి కండ్లు మసకబారినా, 108 కొట్టు, ఎవరి కోసం ఆగకు. డ్యూ డేట్ నాడే కనేటోళ్లు నూటికి నలుగురైదుగురే, 18 తారీఖు అని గోడ మీద రాస్కుని కూసోకు.

బిడ్డ పుట్టినంక ఇంట్ల పెద్దోళ్లతోని గొడవలు ఏడ వస్తయో నాకు తెలుసు. మొదటి గంటల్నే రొమ్ము పట్టియ్యాలె. ముర్రుపాలు పిండి పారబొయ్యొద్దు, అవే మొదటి టీకా అనుకో. తేనె వద్దు, చక్కెర నీళ్లు వద్దు, ఆరు నెల్ల దాకా మంచినీళ్లు కూడ వద్దు. బొడ్డు మీద ఏం పూయొద్దు, పౌడర్ వద్దు, నూనె వద్దు, పొడిగ ఉంచితే అదే ఊడిపోతది. చలికాలమంటున్నవ్ గదా, టోపీ, సాక్సులు పెట్టి నీ గుండె మీద చర్మానికి చర్మం తగిలేటట్టు పండబెట్టుకుని పైన దుప్పటి కప్పు, దానికి మించిన హీటర్ లేదు. సాంబ్రాణి పొగ అంటరు, ఆ వాసన నాకూ ఇష్టమే, పసిబిడ్డ ఊపిరితిత్తులకు మాత్రం ఇష్టం లేదు. అమ్మ కాదంటే గొడవ పడకు, నీ జుట్టుకు పట్టించుకో, బిడ్డను పక్క రూముల పెట్టు. చెవుల్ల దూది పెట్టుకోమంటే పెట్టుకో, దానితోని నష్టం లేదు. నీళ్లు తక్కువ తాగుమంటే మాత్రం ఇనకు, పాలు ఏడకెల్లి వస్తయి? పథ్యం పేరు మీద వట్టి కారప్పొడి అన్నం నెల రోజులు పెడ్తరు, పప్పు, గుడ్డు, ఆకుకూర అడిగి తిను.

డిశ్చార్జి అయ్యే ముందు బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకా పడ్డయా చూడు. ఆ హెపటైటిస్‌ది 24 గంటల లోపల పడాలె.


కందిపొడి:

నైట్‌డ్యూటీ అక్కగారూ, మీరన్నారని మా నాన్నని అడిగాను. తొమ్మిది మందిని కన్నదంట. ఏడుగురు మిగిలారు. ఇన్నేళ్లూ ఇంట్లో ఎవరూ ఆ ఇద్దరి సంగతి ఎత్తనేలేదు.


నైట్‌డ్యూటీ_అక్క:

అందరి ఇండ్లల్ల గట్లనే ఉంటది తమ్మీ. అడిగినందుకు సంతోషం.


పాలకొండ_పిల్ల:

అప్డేట్. ముందు అక్కకి చేతులెత్తి దండం. పరీక్ష నెగెటివ్ వచ్చింది, ఇంజక్షన్ వేసేశారు. డాక్టరమ్మ తిరిగొచ్చారు, ఫైల్ చూసి ఆవిడే అరె అన్నారు. తేదీ ఎర్ర పెన్నుతో రాయించాను, సిస్టర్ నవ్వింది.

పెద్దమ్మని అమ్మే అడిగింది. ఫోన్‌లో అమ్మ "ఒసే పిల్లకి నెలలు నిండుతున్నాయే" అని మొదలెట్టిందంట, అటు నుంచి పెద్దమ్మ "మూడేళ్లకి నేను గుర్తొచ్చానేటే" అందంట, తర్వాత ఇద్దరూ గంటసేపు ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, చివరికి పెద్దమ్మే నాకు ఫోన్ చేసి కింద గది సున్నం వేయిస్తున్నాం, ఎప్పుడొస్తున్నావ్ అంది. గేదెని పిన్ని చూసుకుంటుందట. అమ్మ డిసెంబర్ మొదటి వారంలో వైజాగ్ వచ్చేస్తుంది, నాన్న కోతలు చూసుకుని ఆదివారాలు వస్తాడు.

నవంబర్ 4న నా ప్రయాణం. వందే భారత్ అయితే ఎనిమిదిన్నర గంటలే కానీ మొత్తం కూర్చునే ఉండాలి, నా నడుము ఒప్పుకోదు. గర్భిణీలకి లోయర్ బెర్త్ కోటా ఉందని తెలిసి రాత్రి బండికి చేయించాం, డాక్టర్ సర్టిఫికెట్ పెట్టుకున్నాను, మా ఆయన తోడొస్తాడు. అక్కడ ఇన్సూరెన్స్‌లో ఉన్న హాస్పిటల్ ఒకటి గోపాలపట్నానికి ఇరవై నిమిషాల దూరంలో ఉంది, పెదనాన్న వెళ్లి ఉల్లిదోశ గారి ప్రశ్న లేబర్ రూమ్ సిస్టర్‌నే అడిగొచ్చారు, మత్తు డాక్టర్లు ముగ్గురు షిఫ్టుల్లో లోపలే ఉంటారంట. ప్యాకేజీ ఇక్కడి కంటే ఇరవై వేలు తక్కువ. అదీ కుదరకపోతే ఘోషా ఉండనే ఉంది, పేరు నమోదు చేయించి కార్డు పెట్టుకోమని పెద్దమ్మ సలహా.

సిజేరియన్ అవ్వచ్చు, అవ్వకపోవచ్చు, ఇప్పుడు దాని గురించి నిద్ర పాడుచేసుకోవట్లేదు. పేగు చుట్టు మొన్నటి స్కాన్‌లో కనపడలేదు కూడా, అదే విప్పుకుందంట.

ఇంకోటి. నిన్న రాత్రి అమ్మ వీడియో కాల్ చేసింది. వెనకాల దండెం నిండా చీరలు ఆరేసి ఉన్నాయి, నీలం చుక్కల చీర ఒకటి నా చిన్నప్పటిది, నాకు బాగా గుర్తు, అది కట్టుకుని నన్ను బడికి తీసుకెళ్లేది. ఏంటమ్మా అవి అంటే పక్కబట్టలకి ఆరు చీరలు ఉతికి ఎండేశాను, రెండు చింపడం కూడా అయిపోయింది అంది. పుట్టకముందు ఏమీ రెడీ చెయ్యకూడదని నా చేత ఒట్టు వేయించావు కదా అంటే, కెమెరా అటు తిప్పేసి, "ఇవి కొన్నవేటే, ఇంట్లోవే కదా" అంది.